మరమ్మతుకు పోయిన చమన్ గేటు

నక్షాలు గీసేవాడికి తొందరగా అంటుకునే జబ్బు ఒకటుంది. వాడు ఊరిని ఎప్పుడూ పైనుంచే చూస్తాడు. బల్ల మీద కాగితం పరిచి, దాని మీదికి వంగి గీతలు గీసీ గీసీ, కింద మనుషులు నడుస్తారని, అలిసిపోతారని, కాసేపు ఎక్కడైనా కూలబడాలనుకుంటారని మరిచిపోతాడు. నాకు ఆ జబ్బు బాగా ముదిరిన రోజుల్లో పాతబస్తీలోని ఒక చిన్న జాగా దాన్ని కుదిర్చింది. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన మీలాంటి పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికొచ్చి, నలుగురూ ఇష్టంగా కూర్చునే చోటు కట్టాలంటే ఏం చెయ్యాలి అని అడుగుతుంటారు. నా దగ్గర సూత్రాలు లేవు. ఒక చమన్, అంటే చిన్న తోట, కట్టి, దాన్ని దాదాపు పోగొట్టుకుని, ఎలాగో దక్కించుకున్న అనుభవం మాత్రం ఉంది. కావలసింది అందులోంచి మీరే ఏరుకోండి.

అవి నిజాం జమానాలో ముప్పైల చివరి సంవత్సరాలు. పాతబస్తీలో రోడ్లు వెడల్పు చేసి ఇరుకు గల్లీలు విప్పే సర్కారీ మహకమాలో నేను నక్షానవీసును. శేర్వానీ గుండీలు మెడదాకా బిగించి, రూమీ టోపీ పెట్టుకుని ఆఫీసుకు పోతుంటే దుకాణాలవాళ్లు సలాం చేసేవాళ్లు. మా పైన ఇంజినీరు సాబ్. విలాయతులో చదివి వచ్చిన మనిషి. మాటంటే మాట, గంటంటే గంట. కోపం ఉండేది గానీ కుళ్లు లేదు. నాకు జోడీగా ఒక ఓవర్సియర్ సాబ్ ఉండేవారు. అక్కడే పుట్టి పెరిగిన ముసల్మాను, నాకన్నా చాలా పెద్ద, తెలుగు నాకన్నా ధాటిగా మాట్లాడేవారు. ఏ పనికి ఎవరి దస్కతు కావాలో, ఏ పని దస్కతు లేకుండానే జరిగిపోతుందో ఆయనకు నోటికి వచ్చు. ఆఫీసులో అంతకన్నా పెద్ద విద్య లేదని నాకు తరవాత తెలిసింది.

పత్తర్‌గట్టిలో రాతి దుకాణాల వరస లేచాక, దాని వెనక గల్లీని కూడా వెడల్పు చెయ్యమన్నారు. ఆ గల్లీ మలుపులో ఒక పాత చబుత్రా ఉండేది. చబుత్రా అంటే మన అరుగే. కాకపోతే అది ఏ ఇంటికీ చెందదు, అందరిదీ. పొద్దుగుంకే మగ్రిబ్ నమాజు వేళ దాటాక గల్లీలోని పెద్దమనుషులు అక్కడ చేరేవాళ్లు. ఒక దర్జీ, ఒక అత్తరు వ్యాపారి, గాజుల పని చేసే అన్నదమ్ములు, ఒక కంచరి. పెద్దగా మాట్లాడుకునేవాళ్లు కూడా కాదు. దారిన పోయేవాళ్లను చూడటం, వాళ్ల మీద ఒక మాట విసరడం, మళ్లీ ఊరుకోవడం. అన్నాల వేళకు ఒక్కొక్కరే లేచి వెళ్లిపోయేవాళ్లు.

దాన్ని కూల్చడానికి ముగ్గు పోయించింది నేనే. సున్నపు గీత సరిగ్గా చబుత్రా మధ్యనుంచి వెళ్లింది. దర్జీ పెద్దాయన అప్పుడు దాని మీదే ఉన్నాడు. గీత తన మోకాళ్లదాకా వచ్చి ఆగితే కూడా కదల్లేదు.

"నన్ను గూడ రెండు తుకడలు చేస్తరా ఏంది బేటా?" అన్నాడు.

"లేదు చాచా, రోడ్డు పోవాలె గద. గీ పక్కనె మీ అందరికి మంచి జాగ కట్టిస్తం. చెట్లు, బెంచీలు, ఫౌంటెను. నాది పూచి."

"నీది పూచి, మంచిగనె ఉన్నది. మరి నీకెవరు పూచి?"

నేను నవ్వేశాను. ఆయన నవ్వలేదు. చెప్పులు తొడుక్కుని, చబుత్రాను చేత్తో ఒకసారి తట్టి ఇంటికి వెళ్లిపోయాడు. నాకు అప్పుడే కొత్తగా పెళ్లయింది. ఇచ్చిన మాట దానంతటదే నిలబడుతుందని నమ్మే వయసు.

మాటైతే తప్పలేదు. రోడ్డు పోగా మిగిలిన మూడుమూలల ముక్కలో చమన్ కట్టాం. నా చేత్తో గీసిన మొదటి చమన్ అది. మధ్యలో ఫౌంటెను, దాని చుట్టూ గుండ్రంగా బెంచీలు, బెంచీల వెనక పూలమొక్కలు, ఒక మూలన ముందునుంచీ ఉన్న వేపచెట్టు. చుట్టూ మోకాళ్లెత్తు గోడ. గోడ మీద వెడల్పాటి షాబాద్ బండలు పరిచి, వాటిలో ఇనుప రెయిలింగు నాటాం. ఒక గేటు, గేటుకు తాళం, తాళానికి ఒక చౌకీదారు. పొద్దు పొడిచాక తెరవాలి, పొద్దు గుంకగానే మూయాలి అని బోర్డు. ఆ నియమం మేము ఆలోచించి పెట్టింది కాదు. షహరులోని పెద్ద తోటలకు ఉన్నదే, దీనికీ రాసేశాం. నక్షా ఇంజినీరు సాబ్‌కు తెగ నచ్చింది. బల్ల మీద పెట్టి చూస్తే అది నిజంగా వాకిట్లో వేసిన ముగ్గులా ముచ్చటగా ఉండేది.

తెరిచిన మర్నాడు ఇంజినీరు సాబ్‌తో కలిసి ముగ్గురం చూడటానికి వెళ్లాం. ఎవరూ లేరు. కొన్నాళ్లు ఆగి వెళ్లాం. ఒక మేక ఉంది. ఇంకోసారి వెళ్తే ఆ మేక కూడా లేదు.

మేము వెళ్లే పద్ధతి చెప్పాలి. పొద్దున ఆఫీసుకు వచ్చి హాజరీ వేయించుకుని, ఇరానీ హోటల్లో చాయ్ తాగి, పదకొండింటికి బయలుదేరేవాళ్లం. మా మహకమాలో తనిఖీ అంటే పదకొండే. అరగంట అటూ ఇటూ తిరిగి, 'జనం లేరు' అని రాసుకుని మధ్యాహ్నం భోజనానికి వచ్చేసేవాళ్లం. ఎండ ఎక్కువగా ఉందని బెంచీలు జరిపించాం. ఫౌంటెను ఎగరడం లేదని పంపు మార్పించాం. అది ఎగిరింది, బెంచీల మీద నీళ్లు పడ్డాయి. మళ్లీ బెంచీలు జరిపించాం. రెయిలింగుకు ఆకుపచ్చ రంగు వేయించాం. చివరికి మా ముగ్గురికీ ఒక అభిప్రాయం కుదిరింది. పాతబస్తీ జనానికి తోటలో కూర్చోవడం అలవాటు లేదు, మెల్లగా నేర్పాలి. మండే ఎండలో, మెడదాకా గుండీలు బిగించుకుని, చెమటలు తుడుచుకుంటూ ఈ మాట అనుకున్నాం. ఆ బెంచీల మీద మేము కూడా ఏనాడూ కూర్చోలేదన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

ఇంతలో ఒక మోటారు వ్యాపారి కన్ను ఆ జాగా మీద పడింది. మోటార్లు పెట్టుకోవడానికి అక్కడ షెడ్డు వేసుకుంటానని అర్జీ పెట్టుకున్నాడు. అలాంటి జాగాలు ఎవరికివ్వాలో తేల్చే కమిటీలో ఒక నవాబ్ సాబ్ ఉండేవారు. ఎవరూ కూర్చోని చోట మొక్కలకు నీళ్లు పోయడమెందుకు అని ఆయన అడిగారట. అడగడంలో తప్పేమీ లేదు. వానలు వెనకబట్టాక నేనే వచ్చి చూస్తాను, ఖాళీగా ఉంటే ఇచ్చేద్దాం అన్నారట. ఇంజినీరు సాబ్ ఈ సంగతి మాకు చెప్పి, ఆ మాటలోనే తన నిరాశ కూడా చెప్పేశారు. ఆయనకూ అది ఇష్టమైన నక్షాయే మరి.

నాకు ముందుగా గుర్తొచ్చింది దర్జీ పెద్దాయన. శుక్రవారం, జుమ్మా సెలవునాడు పొద్దున వాళ్లింటికి వెళ్లాను. ఆయన గుమ్మంలోనే మంచం వేసుకుని కూర్చున్నాడు. చబుత్రా పోయినప్పటి నుంచి ఆయన చోటు అదే. ఆ మంచం దాటి ఇంట్లోకి పోవడం కష్టం, ఇంట్లోంచి బయటికి రావడం ఇంకా కష్టం.

"చమన్‌కు ఎందుకు వస్తలేరు చాచా?" అని అడిగాను.

"ఒకసారి లేపిండ్రు గద బేటా. మల్ల లేపించుకునెతందుకు రావాల్నా?"

"ఎవరు లేపుతరు? మీ కోసమె కట్టినం."

"గా చబుత్రా గూడ మా కోసమె కట్టిండ్రు, ఎవరో పుణ్యాత్ములు."

ఇంతలో లోపలి పర్దా వెనకనుంచి ఆయన భార్య గొంతు వినబడింది. నాకు చెప్పదలచుకున్నదే, కానీ మర్యాద కోసం గోడకు చెబుతున్నట్టు చెప్పింది.

"మాపటీలి మొగోళ్లందరు ఇండ్లల్లనె కూసుంటున్నరు. మరి మేము యాడ కూసోవాలె? కోడండ్లు వాకిట్లకు రావాలంటె లేదు, పక్కింటోళ్లతోని ఒక మాట మాట్లాడాలంటె లేదు. గా చబుత్రా మొగోళ్లదనుకున్నరు అందరు. అది మాది. వాళ్లు ఆడ కూసుంటెనె మాకు ఇల్లు దొరికేది."

దర్జీ పెద్దాయన మంచాన్ని కాస్త పక్కకు జరుపుకున్నాడు. అప్పటిదాకా నేను దాన్ని ఐదారుగురు ముసలివాళ్ల కాలక్షేపం అనుకున్నాను. పర్దా ఇళ్లలో సాయంత్రం పూట ఆడవాళ్లకు ఊపిరి ఆడటం ఆ అరుగు మీద ఆధారపడి ఉందని ఏ నక్షాలో కనబడుతుంది? మోటారు షెడ్డు సంగతి చెప్పడానికి వెళ్లి, చెప్పలేక తిరిగొచ్చాను. నాకు నిజంగా భయమేసింది. ఆ గల్లీకి ఉన్న ఒక్క చోటు తీసేసి, ఇస్తానన్న చోటును షెడ్డుకు అప్పగించి, రేపు ఆ దారిన ఏ మొహం పెట్టుకుని నడుస్తాను?

ఆ నెలలోనే మా మరదలి పెళ్లికి బట్టలు కొనాలని మా ఆవిడతో పత్తర్‌గట్టికి వెళ్లాల్సి వచ్చింది. అప్పుడామె కడుపుతో ఉంది. ఆఫీసునుంచి ఇంటికొచ్చి, శేర్వానీ విప్పి, ధోతీ కమీజులో బయలుదేరాను. నాలుగు దుకాణాలు ఎక్కి దిగేసరికి దీపాలు పెట్టారు.

"ఇగ నాతోని కాదు. జరసేపు యాడనన్న కూసుందాం" అందామె.

నా ఛాతీ పొంగింది. "రా, నేను కట్టిన చమన్ చూపిస్త" అని గల్లీలోకి తీసుకుపోయాను.

గేటుకు తాళం వేసి ఉంది. లోపల బెంచీలన్నీ ఖాళీ. కానీ బయట, రెయిలింగుకు ఇవతల, గోడ అంచు నాలుగు వేళ్ల మేర మిగిలి ఉంటుంది కదా, దాని మీద ఈ కొస నుంచి ఆ కొసదాకా మనుషులు, బజారు పని ముగించుకున్నవాళ్లు, పక్క గల్లీలవాళ్లు. కొందరు సగం కూర్చుని, కొందరు ఆనుకుని, వీపులకు ఇనుప చువ్వలు గుచ్చుకుంటుంటే కదిలి సర్దుకుంటూ, వీధిని చూస్తూ మాట్లాడుకుంటున్నారు.

చౌకీదారు గేటు లోపలినుంచి అన్నాడు. "బంద్ అయింది. రేపు పొద్దుగాల రాండ్రి."

"నేను నక్షానవీసును" అన్నాను.

టోపీ లేని నన్ను ఎగాదిగా చూశాడు. "రోజు ఎవడో ఒకడు చెప్తనె ఉంటడు గట్ల" అని వెళ్లి తన తుంగచాప మీద కూర్చున్నాడు.

మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "గిదేనా మీరు కట్టింది? కట్టినోళ్లకె కూసుండెతందుకు లేదు, ఇగ వేరేటోళ్లకు ఏం ఉంటది?" అని నవ్వు ఆపుకోలేకపోయింది. ఆమె అవస్థ చూసి ఒక పెద్దమనిషి లేచి, "కూసో అమ్మా" అని అంచు మీద చోటిచ్చాడు. ఆమె కూర్చుంది. నేను పక్కన బట్టల మూట పట్టుకుని నిలబడ్డాను. సిగ్గుపడాల్సిన సమయమే, కానీ నాకు ప్రాణం లేచొచ్చింది. జనం ఉన్నారు. రోజూ వస్తున్నారు. చువ్వలు గుచ్చుకుంటున్నా వస్తున్నారు.

మర్నాడు ఓవర్సియర్ సాబ్‌ను పక్కకు పిలిచాను. "సాబ్, మనం ఎన్నడన్న మాపటీలి పోయినమా ఆడికి?"

ఆయన పాన్ నమలడం ఆపారు. "నాలుగింటికి దఫ్తర్ బంద్ అయితది గద భాయ్" అని, ఆ మాట తానే విని, కిటికీలోంచి పాన్ ఉమ్మేశారు. తరవాత గట్టిగా నవ్వారు. "ఎండల పోయి చూసినం, ఎండల రాసినం. వాళ్లు వచ్చే యాళ్లకు మనమే తాళం ఏయించినం. మస్తు ఉన్నది మన కథ."

"గేటు తీసేయిద్దామా?"

"గేటు తియ్యాలంటె పైకెల్లి హుకుం రావాలె. బోర్డు మార్చాలంటె కమిటీ కూసోవాలె. గేటు మరమ్మతుకు పంపాలంటె మాత్రం నేను చాలు."

"అది మంచిగనె ఉన్నది గద సాబ్."

"దగ్గరికెల్లి చూసినవా? కిర్రుమంటది. రెయిలింగు గూడ ఊగుతున్నది. ఎవరి మీదనన్న పడితె జిమ్మేదార్ ఎవరు?"

ఏనుగు వచ్చి తోసినా ఊగని రెయిలింగు అది. రెండు రోజుల్లో గేటూ రెయిలింగూ బండ్లకెక్కి, నయాపూల్ దాటి అఫ్జల్‌గంజ్ అవతలి మా కార్ఖానాకు చేరాయి. అక్కడికి మరమ్మతుకు పోయిన వస్తువు తిరిగి రావడం నేను నా ఉద్యోగంలో చూడలేదు. బండల్లో మిగిలిన రంధ్రాలను సున్నంతో పూడ్పించాం.

చౌకీదారు మాత్రం ఏడుపు మొహం పెట్టాడు. "గేటే లేకుంటె నన్నెవరు ఉంచుకుంటరు సాబ్?" అన్నాడు. ఓవర్సియర్ సాబ్ అతని భుజం తట్టి, "నువ్వు గేటుకు చౌకీదారువు కాదు, చమన్‌కు. ఎండ దిగంగనె నీళ్లు చల్లు, కుండలల్ల తాగెతందుకు నీళ్లు పెట్టు. నీ నౌకరి నాది ఫికర్" అన్నారు. అప్పటి నుంచి అతను ఫౌంటెను తొట్టిలోంచి డబ్బాతో నీళ్లు ముంచి, చమన్ చుట్టూ చల్లేవాడు. ఆ ఫౌంటెను ఎవరికైనా పనికొచ్చిందంటే అప్పుడే.

మొదటి సాయంత్రం నేను ఎదురుగా ఒక దుకాణం మెట్టు మీద నిలబడి చూశాను. అంచు మీద వేలాడేవాళ్లు వచ్చారు. రెయిలింగు లేని గోడను చేత్తో తడిమి చూసి, ఇది నిజమేనా అన్నట్టు ఒకరి మొహాలొకరు చూసుకుని, వెనక్కి జరిగి పూర్తిగా కూర్చున్నారు. ఒకాయన కాళ్లు పైకి తీసి బాసిపట్టు వేసుకున్నాడు. ఆ దృశ్యం చూసి నాకు కళ్లు చెమర్చాయి. ఎవరైనా చూస్తారేమోనని టోపీ ముందుకు లాక్కున్నాను.

ఆ తరవాత రోజూ వెళ్లేవాణ్ణి. నేను ఎంతో ఆలోచించి నిలబెట్టిన బెంచీలు ఫౌంటెనును చూస్తుండేవి, జనం వీధిని చూస్తుండేవాళ్లు. బెంచీల మీద మూటలు పెట్టుకునేవాళ్లు. వీపు వెనక చెట్టూ చేమా, ముందు వీధి, కాళ్లు నేలకు ఆనేంత ఎత్తు, పక్కవాడితో మాట్లాడేంత దగ్గర. అంతకుమించి ఎవరూ ఏమీ అడగలేదు. రెయిలింగు నిలబెట్టడానికని కట్టిన గోడ ఆ పని చేసింది. గొప్పగా చెప్పుకుందామంటే ఆ గోడ గురించి నేను ఆలోచించిందే లేదు.

దర్జీ పెద్దాయన కూడా ఒకరోజు వచ్చాడు. "ఇంట్లకెల్లి ఎల్లగొట్టిండ్రు బేటా" అని వేపచెట్టు దగ్గరి కొసన కూర్చున్నాడు. మెల్లగా పాత జట్టంతా ఆయన చుట్టూ చేరింది. ఆ వేళ ఆ గల్లీలో నడిస్తే ఇళ్ల వాకిళ్లలోంచి ఆడవాళ్ల నవ్వులు వినబడేవి. నాకు సంతోషం, దాని పక్కనే గుబులు. ఆయన ఇంట్లోనే కూర్చుని ఉంటే పోయేది ఒక చమన్. ఇప్పుడు పోతే ఆయన్ని రెండోసారి లేపినట్టు.

"మల్ల లేపరు గద?" అని ఆయన ఒకసారి అడిగాడు. "లేపరు చాచా" అన్నాను, షెడ్డు సంగతి దాచిపెట్టి.

వానలు వెనకబట్టాయి. నవాబ్ సాబ్ తనిఖీకి వస్తున్నారని కబురొచ్చింది. ఎన్ని గంటలకు? పదకొండింటికి. ఇంకెన్నింటికి వస్తుంది తనిఖీ.

ఓవర్సియర్ సాబ్ అంతటి మనిషి తల పట్టుకున్నారు. ఆ వేళ చమన్‌లో ఉండేది ఎండా, మేకా. పైగా గేటు లేదు, రెయిలింగు లేదు. చూసేవాళ్లకు పాడుబడ్డ జాగా లాగే కనబడుతుంది. ఆ సాయంత్రం దర్జీ పెద్దాయనకు షెడ్డు సంగతి చెప్పక తప్పలేదు. చెప్పి, "రేపు పొద్దుగాల మీరందరు వచ్చి జరసేపు కూసుండ్రి చాచా" అని బతిమాలాను.

ఆయన లేచి చెప్పులు తొడుక్కున్నాడు. తరవాత అన్నాడు. "దుకాండ్లు ఇడిసిపెట్టి ఎండల కూసోవాల్నా? మేము కూసుండే యాళ్లకు కూసుంటం బేటా. నాటకాలు మాకు రావు. లేపుతె లేస్తం. అలవాటైంది."



మర్నాడు పదకొండు కొట్టేసరికి ఇంజినీరు సాబ్ బగ్గీ దిగారు. ఆయన మాట్లాడేది ఉర్దూలో, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. దిగీ దిగగానే చుట్టూ చూశారు.

"రెయిలింగు ఏది?"

"మరమ్మతుకు పోయింది హుజూర్" అన్నారు ఓవర్సియర్ సాబ్.

"గేటు?"

"దానికి తోడుగా అది కూడా పోయింది."

ఇంజినీరు సాబ్ మొహం ఎర్రబడింది. "నా చమన్‌ను ఇద్దరూ కలిసి వల్లకాడు చేశారు. నవాబ్ సాబ్ వచ్చి వెళ్లాక మీ సంగతి చూస్తాను" అన్నారు. మేము చేతులు కట్టుకుని నిలబడ్డాం.

నవాబ్ సాబ్ రాలేదు. నవాబుల పదకొండు వేరు, గడియారాల పదకొండు వేరు. మధ్యాహ్నం వాళ్ల నౌకరు సైకిల్ మీద వచ్చి, హుజూర్ బయలుదేరుతున్నారు అని చెప్పిపోయాడు. ఎండ కాస్త వాలాక మళ్లీ వచ్చి, బయలుదేరినట్టే అన్నాడు. అంత పెద్దమనిషి వచ్చే సమయానికి ఇంజినీరు సాబ్ అక్కడ లేకపోవడం మర్యాద కాదు. కాబట్టి కదలడానికి లేదు.

ఆయన ముందు ఒక బెంచీ మీద కూర్చుని, కాలిందని చటుక్కున లేచారు. కాసేపు నిలబడ్డారు, కాసేపు పచార్లు చేశారు. వేపచెట్టు నీడ గోడ మీదికి జరిగే వేళకు ఓపిక అయిపోయి, వెళ్లి ఆ గోడ మీద కూర్చున్నారు. ఓవర్సియర్ సాబ్ చాయ్ తెప్పించారు. ఇంజినీరు సాబ్ మెడ దగ్గర గుండీ విప్పడం నేను మొదటిసారి చూశాను. వీధిలో జట్కాలు, మేనాలు, గాజుల బుట్టలు పోతుంటే చూస్తూ చూస్తూ కునుకు కూడా తీశారు.

ఎండ దిగింది. చౌకీదారు ఎవరున్నారో ఏమిటో పట్టించుకోకుండా డబ్బా తీసుకుని నీళ్లు చల్లడం మొదలుపెట్టాడు. మట్టివాసన లేచింది. ఇంజినీరు సాబ్ కళ్లు తెరిచారు. కంచరి వచ్చి కూర్చున్నాడు. దుకాణం కట్టేసి అత్తరు వ్యాపారి వచ్చాడు. మూటలు బెంచీలెక్కాయి. అజాన్ వినబడితే కొందరు లేచి మసీదుకు వెళ్లి, అయ్యాక ఇంకా ఎక్కువమందితో తిరిగొచ్చారు. వాళ్లలో దర్జీ పెద్దాయన ఉన్నాడు. నేరుగా వేపచెట్టు దగ్గరికి వచ్చి, తన చోట్లో కూర్చున్న పెద్దమనిషిని చూశాడు.

"సాబ్, జర జరుగుండ్రి" అన్నాడు.

ఇంజినీరు సాబ్ జరిగారు.

దర్జీ పెద్దాయన కూర్చుని, ఆయన శేర్వానీని కాసేపు పరీక్షగా చూశాడు. "ఈ కాలర్ ఎవరు కుట్టిండ్రు సాబ్? మెడకు పట్టుకుంటలేదా?"

"పట్టుకుంటది" అన్నారు ఇంజినీరు సాబ్. ఆయన నోట తెలుగు నేను విన్నది కూడా అదే మొదటిసారి.

"మరి కోపం రాకుంట ఎట్లుంటది" అన్నాడు దర్జీ. గోడంతా నవ్వింది. ఒక్క క్షణం ఆగి ఇంజినీరు సాబ్ కూడా నవ్వారు.

తరవాత నన్ను దగ్గరికి పిలిచి మెల్లగా అడిగారు. "వీళ్లు రోజూ వస్తారా?"

"రోజూ వస్తారు హుజూర్."

"మరి మనకు ఎప్పుడూ కనబడలేదే?"

"మనం వచ్చే వేళకు వాళ్లు పనుల్లో ఉంటారు. వాళ్లు వచ్చే వేళకు మనం గేటు మూయించేవాళ్లం."

ఆయన ఆ బోర్డు వైపు చూశారు, మూటలు మోస్తున్న బెంచీల వైపు చూశారు. ఆయన మంచివారే, కానీ హుకుం లేకుండా పనులు జరిగితే సహించే మనిషి కాదు.

సరిగ్గా అప్పుడు నవాబ్ సాబ్ మోటారు గల్లీలోకి వచ్చి ఆగింది. దీపాలు పెట్టేశారు. గోడ నిండిపోయి, కొందరు చెట్టు మొదట్లో, కొందరు నిలబడి ఉన్నారు. ఇంజినీరు సాబ్ లేచి మెడ గుండీ పెట్టుకుని మోటారు దగ్గరికి వెళ్లారు. మేమిద్దరం ఆయన వెనకే.

నవాబ్ సాబ్ కిటికీలోంచి అటూ ఇటూ చూశారు. ఏదో జాతర మధ్యలో చిక్కుకున్నానన్నట్టు ఉంది ఆయన మొహం. "ఇంజినీరు సాబ్, ఏదో ఖాళీ జాగా చూపిస్తామన్నారు. అది ఎక్కడ?"

ఇంజినీరు సాబ్ వెనక్కి తిరిగి గోడను ఈ కొస నుంచి ఆ కొసదాకా చూశారు. ఓవర్సియర్ సాబ్‌ను చూశారు. నన్ను చూశారు. నా పని అయిపోయిందనుకున్నాను.

"ఖాళీ జాగా ఇక్కడ లేదు హుజూర్" అన్నారు.

"మరి నన్నెందుకు శ్రమ పెట్టారు?" అన్నారు నవాబ్ సాబ్, కోపంగా కూడా కాదు, అలిసిపోయినట్టు. మోటారు వెనక్కి తిరిగి వెళ్లిపోయింది.

మిగతా సంగతులు రెండు ముక్కల్లో అయిపోతాయి. షెడ్డు ఆ వ్యాపారి ఇంకెక్కడో వేసుకున్నాడు. బెంచీలను వీధివైపు తిప్పమని ఇంజినీరు సాబ్ నోటిమాటగా చెప్పారు, గేటు ఊసు మళ్లీ ఎత్తలేదు. ఆ తరవాత నేను గీయాల్సిన ప్రతి చమన్ జాగాకూ సాయంత్రం పూట వెళ్లి, టోపీ తీసేసి ఒక మూల నిలబడి చూశాకే పెన్సిల్ పట్టుకున్నాను. కొన్ని బాగున్నాయి, కొన్ని లేవు.

ఆ సాయంత్రం మాత్రం మోటారు మలుపు తిరిగి కనుమరుగు కాగానే నా ఒళ్లంతా సడలిపోయింది. ఇన్ని నెలల గుబులు ఒక్కసారిగా దిగిపోతే మనిషి నిలబడలేడు. ఎక్కడైనా కూర్చోవాలని గోడ వెంట నడిచాను. ఎవరూ జరగలేదు, జరగడానికి సందు లేదు. ఇంజినీరు సాబ్ తిరిగి వెళ్లి దర్జీ పక్కన కూర్చున్నారు. ఓవర్సియర్ సాబ్ ఎప్పుడు ఇరుక్కున్నారో కంచరి పక్కన ఇరుక్కుని ఉన్నారు. నేను వేపచెట్టు ముందు తడినేల మీదే, ఉతికిన శేర్వానీతో చతికిలబడ్డాను.

దర్జీ పెద్దాయన కిందికి వంగి చూశాడు. "నీకు జాగ దొరకలేదా బేటా?"

"దొరకలేదు చాచా" అన్నాను. నా ఉద్యోగంలో అంత సంతోషంగా నేను చెప్పిన జవాబు ఇంకొకటి లేదు.